ఎదురొచ్చిన ఎముక

నేను పుట్టేటప్పుడు తల బదులు కాళ్ళు ముందు బయటికి వచ్చాయట. అప్పటినుంచి ఆ కాళ్ళు నావి కావు, ఊరివి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుము పట్టు వదులుతుందని మా ఐరాల చుట్టుపక్కల ఊళ్ళకు గట్టి నమ్మకం. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. నా విషయంలో ఎవరూ జుట్టు జోలికి పోలేదు, నేరుగా కాళ్ళ దగ్గరికే వచ్చారు.

దానికో పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున, ఎండ గడప మీద పడకముందే మా పుట్టింటికి రావాలి. గడపకు అడ్డంగా బోర్లా పడుకోవాలి. నేను ఎడమకాలితో వెన్నుపూసల మీద మెడనుంచి కిందికి మూడుసార్లు నిమిరి, చివర మడమతో ఒక్క తన్ను తన్నాలి. ఇదంతా అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక లేచి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. నేను మాట్లాడితే కాలి మహిమ పోతుందట. నోరు మూతపడని నాలాంటి వాయాడికి అంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

బెల్లం మూటలెత్తే హమాలీలు వచ్చేవాళ్ళు, బస్సు కండక్టర్లు వచ్చేవాళ్ళు. బెంగళూరునుంచి కారేసుకొచ్చిన సాఫ్ట్‌వేరు కుర్రాడు కూడా ఒకసారి ప్యాంటు దులుపుకుంటూ మా గడప మీద పడుకున్నాడు. నిజం చెప్పాలంటే నడుము పట్టు నాలుగు రోజులకు దానంతట అదే పోయే జబ్బు. పోయేది అది, పేరొచ్చేది నాకు. ఊరికే వచ్చే పేరు ఎవరికి చేదు? మిగతా వారమంతా బస్టాండు పక్కన జాకెట్లు కుట్టుకునే మామూలు రూపశ్రీని నేను. పుట్టిల్లు, అత్తిల్లు ఒకే ఊళ్ళో, రెండు వీధుల ఎడం.

ఈ కాలికి పని నేర్పింది మా నాయనమ్మ యశోదమ్మ. ఊరంతా గూనవ్వ అనేది. రెండో కాన్పు తర్వాత ఆమె వీపు మధ్యలో ఎముక పైకి పొడుచుకొచ్చి, ఒళ్ళు ముందుకు వంగిపోయింది. నాకు జ్ఞానం వచ్చేసరికే రెండు అరచేతులూ తొడల మీద ఆనించుకుని నడిచేది. కింద ఏదైనా పడితే వంగేది కాదు. వెన్ను కదలనీయకుండా మోకాళ్ళు మడిచి గొంతుక్కూర్చుని తీసుకుని, చేతులతో తన తొడలనే పట్టుకుని పాకుతున్నట్టు పైకి లేచేది. తర్వాత కాళ్ళు పూర్తిగా పోయాయి. ఆవుల కొట్టం పక్క గదిలో మంచాన పడింది.

ఆ గదిలో ఒకరోజు అవ్వ నన్ను మంచమెక్కించుకుని, తను బోర్లా తిరిగి, రవిక లేని తన వీపు మీద నా కాలు పెట్టించుకుంది.

"ఈడ పెట్టు. నిదానంగా. ఎముక నీ కాలికి ఎదురొస్తా ఉండాదా?"

"వస్తా ఉండాదవ్వా."

"ఎవురి వెన్నులోనైనా ఇట్లా ఎదురొస్తే కాలు తీసెయ్. తన్నొద్దు. నన్ను ఒకడు తన్నినాడు. నీ మాదిరే ఎదురుకాళ్ళోడు, మంచోడే పాపం. ఆ సాయంత్రమే నా కాళ్ళలో చీమలు పారినాయి." మళ్ళీ అంది. "ఎదురొచ్చిందంటే ఆడ నా మాదిరి మనిషి కూసోనుండాది అనుకో."

ఆ చివరి మాట నన్ను చాలా ఏళ్ళు భయపెట్టింది. ఆ మరుసటి ఏడు అవ్వ పోయింది. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. గూనిదాన్ని నిలబెట్టి ఫొటో ఎవరు తీస్తారు?

అవ్వ పోయినా ఇల్లు వదిలి పోలేదని మా అమ్మ శకుంతలమ్మ నమ్మకం. అందుకు రుజువు కూడా చూపించేది. మహాలయ అమావాస్యకు పెద్దలందరికీ గోడ మీద ఆకులేసి అన్నం, వడలు పెడతాం. కాకులు తాత ఆకు ఖాళీ చేస్తాయి, మా నాయన ఆకు ఖాళీ చేస్తాయి. అవ్వ ఆకు మాత్రం ముట్టవు. ఆ పక్కకి వచ్చి చూసి ఎగిరిపోతాయి. నేను ఎన్నోసార్లు కావాలని నిలబడి చూశాను. నిజంగానే ముట్టవు.

ఇక లోహిత సంగతి. మా తమ్ముడు మునిప్రసాద్ పెళ్ళాం. ఏర్పేడు పక్క పిల్ల. అవ్వ పోయిన చాలా ఏళ్ళకు మా ఇంట్లో అడుగు పెట్టింది. మే నెలలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. కొట్టం పక్క గదికి ఇప్పుడు టైల్సు వేసి, కూలర్ పెట్టి ఉంది. చప్పుడు లేని చోటని బాలింతను అందులోనే పడుకోబెట్టారు.

ఆషాఢంలో వీపు నొప్పి మొదలైంది. ఊరంతా ఒకే మాట అంది. సిజేరియన్‌కి వెన్నులో వేసిన సూది వల్ల. ఈ రోజుల్లో కాన్పయిన ఏ ఆడదానికి నొప్పి వచ్చినా ఆ సూదిదే పాపం. మా తమ్ముడు చిత్తూరు తీసుకెళ్ళి నడుముకు ఎక్స్‌రే తీయించాడు. ఏమీ లేదన్నారు. ఊళ్ళో ఆర్ఎంపీ నొప్పికి సూదులేశాడు. వేసిన రోజు హాయి, మర్నాడు మామూలే. లోహిత మాత్రం నొప్పి ఎక్కడ అంటే చెయ్యి వెనక్కి తిప్పి నడుము మీద కాకుండా పైకి, భుజం రెక్కల మధ్యకు పోనిచ్చేది. అందనంత పైకి. "ఆడ సూది వెయ్యరు గదమ్మే," అనేది అమ్మ. దాంతో ఆ చెయ్యి చెప్పే మాట ఎవరూ వినలేదు.

నేను విన్నది కూడా చెవులతో కాదు, టేపుతో. కాన్పయినవాళ్ళ జాకెట్లు వదులు చేయడం నాకు అలవాటు. లోహితవి బిగించాల్సి వచ్చింది. ఒకసారి బిగించిన వాటినే మళ్ళీ బిగించాల్సి వచ్చింది. పాలిచ్చే తల్లి ఇట్లా కరిగిపోతుందేమిటని విసుక్కున్నాను. పైగా ఎంత సరిగా కత్తిరించినా జాకెట్టు వెనకవైపు రెక్కల మధ్య ఒక చోట ఎత్తుగా లేచి ఉండేది. నా కత్తెరనే తిట్టుకున్నాను.

బిగించిన జాకెట్లు ఇద్దామని ఒక మధ్యాహ్నం పుట్టింటికి వెళ్ళాను. అమ్మ గడ్డికి పోయింది. తమ్ముడు పనికి పోయాడు. ఎండ వాకిట్లో తెల్లగా కాస్తోంది. వాకిట్లో కోడి కూడా కదలడం లేదు. చెప్పులు విప్పుతుంటే కొట్టం పక్క గదిలోంచి అరుపు వినిపించింది.

ఒక్కటే అరుపు. పొట్టిది. మధ్యలో ఎవరో నోరు మూసినట్టు తెగిపోయింది. నా ఒళ్ళు చల్లబడింది. ఆ అరుపు నాకు తెలుసు. మంచాన పడిన రోజుల్లో అవ్వ నిద్రలో పక్కకు ఒత్తిగిలినప్పుడల్లా అలాగే అరిచేది. అదే గదిలోంచి, అదే అరుపు.

దెయ్యాలు లేవని కొట్లో గంటలకొద్దీ వాదించే మనిషిని నేను. ఆ పూట గది తలుపు తోయడానికి చేతులు రాలేదు. తోశాను చివరికి. లోహిత గాఢనిద్రలో ఉంది. పక్కన బిడ్డ నిద్రపోతోంది. చూస్తూ ఉండగానే లోహిత పక్కకు ఒత్తిగిలింది, కళ్ళు మూసుకునే ఉంది, నోట్లోంచి మళ్ళీ అదే అరుపు. లేపాను. చెమటతో జాకెట్టు తడిసిపోయి ఉంది.

"నేను అరిసినానా వదినా? నాకు తెలీదే."

ఇంతలో బిడ్డ చేతిలోని గిలక్కాయ జారి కిందపడింది. లోహిత మంచం దిగింది. వంగలేదు. వెన్ను నిటారుగా ఉంచి, మోకాళ్ళు మడిచి గొంతుక్కూర్చుంది. గిలక్కాయ తీసుకుంది. అరచేతులు తొడల మీద ఆనించి, తన ఒంటినే పట్టుకుని పాకుతున్నట్టు పైకి లేచింది.

ఆ పిల్ల అవ్వను ఏనాడూ చూడలేదు. ఫొటోలో కూడా చూడలేదు.

"ఎందుకట్లా లేస్తావు?" అని అడిగాను.

"వంగితే ఆమె నొక్కతాది వదినా."

"ఎవరు?"

"ఎవురో. దీపాలు పెట్టే యాళకు వచ్చి వీపు మీద కూసుంటాది. ఒళ్ళు వెచ్చగా అయిపోతాది. తెల్లారితే దిగిపోతాది. అత్తకు సెప్పినా. అత్త ఏడిసింది."

జాకెట్లు అక్కడే పడేసి వచ్చేశాను. మిషను తొక్కితే కుట్టు వంకర పోయింది. భయం వేసింది నాకు. చెప్పడానికి సిగ్గేమీ లేదు, బాగా భయం వేసింది.

రెండు రోజులకు అమ్మే మా ఇంటికి వచ్చింది. వచ్చి, నీళ్ళు కూడా తాగకుండా గుమ్మంలో కూర్చుంది.

"రూపా, నిన్న సందేళ లోహిత వాకిట్లోంచి లోపలికొచ్చింది. ఒక కాలికే సెప్పు ఉండాది. రెండోది వాకిట్లోనే నిలిసిపోయింది. అది ఊడిపోయిందని దానికే తెలీదు. ఏమ్మే, సెప్పు యాడ అంటే, వేసుకునే ఉండా గదత్తా అంటాది."

నీళ్ళ చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టాను.

"మా అత్త కాళ్ళు ముందుగా అట్లనే పోయినాయి," అంది అమ్మ. "నాకు తెలుసు. ఆమె కాళ్ళు కడిగింది నేనే. బతికుండంగా ఎవురూ సరిగ్గా సూసుకోలేదని ఇప్పుడొచ్చి కోడలి వీపెక్కింది. మహాలయ అమావాస్య లోపల దించెయ్యాల. రేపు ఆదివారం నువ్వు తన్ను. అందరికీ తన్నే మాదిరి కాదు, గట్టిగా. తన్ని దించు."

"డాక్టరుకు సూపిద్దాం అమ్మా."

"సూపించినాం. ఎక్స్‌రేలో దెయ్యాలు పడతాయా?"

సరేనన్నాను. తన్నితే దిగిపోతుందేమోనని నాలోనూ ఒక మూల ఆశ ఉందేమో కూడా. ఇన్నేళ్ళుగా ఇంతమంది నమ్మితే ఎవరి కాలికైనా పొగరు రాకుండా ఉంటుందా?

ఆదివారం అమ్మ గడప కడిగి, పసుపు రాసి, ముగ్గు పెట్టింది. చుట్టూ ఇంకా మసక. తమ్ముడు బిడ్డను భుజానేసుకుని కొట్టం దగ్గర నిలబడ్డాడు. లోహిత గోడ పట్టుకుని వచ్చింది. నేలను చూసి, ఎక్కడ అడుగు వేయాలో కళ్ళతో వెతుక్కుని మరీ వేసింది. గడపకు అడ్డంగా పడుకోవడానికే ఆ పిల్లకు చాలాసేపు పట్టింది. తల పక్కకు తిప్పి నన్నొకసారి చూసింది. నేనేదో బాగుచేస్తానని నమ్మిన చూపు.

ఎడమకాలు మెడ కింద పెట్టాను. మెల్లగా కిందికి జరిపాను. వెన్నుకు రెండు వైపులా కండ కొయ్యలా బిగుసుకుని ఉంది. రెక్కల మధ్యకు వచ్చేసరికి కాలు ఆగింది. ఒక ఎముక మిగతా వాటికంటే పైకి ఉంది. చింతగింజంత ఎత్తు. కాలు కొంచెం ఆనించగానే అది నా కాలికి ఎదురొచ్చింది.

నా బుర్రకంటే ముందు నా కాలు గుర్తుపట్టింది. ఆ మసక వెలుతురులో ఒక్క క్షణం నాకు నిజంగానే అనిపించింది, కింద పడుకున్న మనిషి తల ఇటు తిప్పితే అది అవ్వ ముఖం అయి ఉంటుందని, ఎదురొస్తా ఉండాదా అని అడుగుతుందని.

అమ్మ కళ్ళతోనే సైగ చేసింది. తన్ను.

మడమ ఎత్తాను. ఎత్తిన మడమ గాల్లో ఉండగా అవ్వ మాట మళ్ళీ వినిపించింది. ఆ సాయంత్రమే నా కాళ్ళలో చీమలు పారినాయి. లోహిత కాళ్ళ వైపు చూశాను. వేళ్ళు వాటంతట అవే సన్నగా వణుకుతున్నాయి.

కాలు తీసి నేల మీద పెట్టాను. అమ్మ చెయ్యెత్తి మళ్ళీ సైగ చేసింది, ఈసారి కోపంగా.

"తన్నను," అన్నాను.

కొట్టంలో ఆవు కూడా తలెత్తింది. గడప మీద నేను నోరు విప్పడం అదే మొదటిసారి. అమ్మ గోడకు ఆనుకుని జారి కూర్చుంది.

"మాట్లాడేసినావు గదే పాపిష్టిదానా. ఇంగ అది దిగదు."

"అమ్మా, దీని వీపు మీద ఉండేది అవ్వ కాదు. అవ్వను తిన్నది."

తమ్ముడు బిడ్డతో సహా దగ్గరికి వచ్చాడు. "అంటే ఏందక్కా?"

"అవ్వకు కాన్పయినాక ఒకటి పట్టుకునింది. అవ్వను గూనిదాన్ని సేసినాది, కాళ్ళు తీసుకునింది, కడాకు మనిషినే తీసుకునింది. మనం దానికి అవ్వ పేరు పెట్టి ఇన్నేండ్లూ అన్నం పెడతా ఉండాం. ఇప్పుడు అదే లోహితకు వచ్చుండాది. దాని పేరేందో నాకు తెలీదు. తెలిసినోళ్ళ దగ్గరికి పోదాం."

"ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారే."

"నడుముకు తీసినార్రా. అది కూసోనుండేది నడుములో కాదు."

లోహిత ఇంకా బోర్లా పడుకునే ఉంది. అక్కడినుంచే, నేలకు చెప్తున్నట్టు అంది. "నేను మొదటినించీ ఆడే అని సెప్తా ఉండా గదా."

తమ్ముడు బిడ్డను అమ్మ ఒళ్ళో పెట్టి బండి కోసం పరుగెత్తాడు.

ఒక సుమో మాట్లాడి, వెనక సీట్లు మడిచి పరుపు వేసి, వెల్లకిలా పడుకోబెట్టి తిరుపతి తీసుకెళ్ళాం. కాణిపాకం దగ్గర అమ్మ కళ్ళు మూసుకుని వినాయకుడికి దండం పెట్టింది. గతుకు వచ్చినప్పుడల్లా నేను లోహిత ముఖం చూశాను. పాకాల దాటాక ఒకసారి "వదినా, నా కాలి మీద ఎవురైనా కూసోనుండారా?" అని అడిగింది. ఎవరూ కూర్చోలేదు.

అక్కడి ఎముకల ఆసుపత్రిలో ఆ ఆదివారం డ్యూటీలో ఉన్న డాక్టర్ కృపామణి యాభై ఏళ్ళ మనిషి. నెమ్మది మాట, చురుకు కళ్ళు. లోహితను పక్కకు తిప్పించి, పిడికిలి అంచుతో వెన్ను మీద పైనుంచి మెల్లగా తట్టుకుంటూ వచ్చింది. రెక్కల మధ్య తట్టగానే లోహిత ఊపిరి బిగబట్టింది. డాక్టరమ్మ అక్కడే వేలితో నిమిరి చూసింది. కళ్ళు మూయించి దూదితో ఒక్కో కాలివేలు తాకి ఏ వేలో చెప్పమంది. లోహిత చాలావరకు తప్పు చెప్పింది.

"సాయంత్రంపూట జ్వరం వస్తుందా? నిద్రలో చెమటలు? బరువు తగ్గావా?"

అన్నిటికీ అవును. జాకెట్ల సంగతి నేను చెప్పాను, నిద్రలో అరుపు కూడా.

"మెలకువగా ఉన్నప్పుడు ఆ కండ బిగుసుకుని ఎముకను కదలకుండా కాపాడుతుంది. నిద్రలో సడలుతుంది, అప్పుడు నొప్పి పొడుస్తుంది. అదే ఆ అరుపు," అందామె. అంత మామూలుగా చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. నా ఒళ్ళు చల్లబరిచిన అరుపుకు కారణం ఇంతేనా అని.

ఎమ్మారై తీయించారు. తెరమీద లోహిత వెన్ను ఒకదాని మీద ఒకటి పేర్చిన దారం రీళ్ళ మాదిరి కనిపించింది. మధ్యలో రెండు రీళ్ళు అంచులు కొరికేసినట్టు ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సిన మెత్తటి బిళ్ళ సగం లేదు. పక్కనే తెల్లటి తిత్తి ఒకటి, లోపల నరాల తాడు వైపు ఒరిగి ఉంది. ఇంతకాలం అందరి కళ్ళ ముందూ తిరుగుతూ, ఎవరికీ కనిపించకుండా కూర్చున్నది అదే. నేను దాని ముఖం చూశాను.

స్కానింగులో చూసుకుంటూ సన్నటి సూదితో అక్కడి చీము కొంచెం తీసి పరీక్షకు పంపారు. క్రిమి దొరికింది. వెన్నెముకకు టీబీ.

"టీబీ ఎట్లా వస్తాదమ్మా, దీనికి దగ్గే లేదే," అన్నాడు తమ్ముడు.

"టీబీ అంటే దగ్గేనని అందరూ అనుకోవడమే దాని బలం. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసి ఎముకకు పోతుంది. ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి, ఒళ్ళు నీరసపడ్డప్పుడు, కాన్పు తర్వాతలాంటప్పుడు లేస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడదు. ఎముక బాగా పోయాకే తెలుస్తుంది. ఇప్పుడు తొందరగానే వచ్చారు. క్రిమి మామూలు మందులకు లొంగే రకమే. కనీసం ఏడాది, ఒక్కరోజు మానకుండా మింగాలి. కాళ్ళు ఇంకా చచ్చుబడితే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఇంట్లో అందరూ, బిడ్డతో సహా, పరీక్ష చేయించుకోవాలి."

తర్వాత, ఎవరైనా వీపు మీద నొక్కారా, తొక్కారా అని అడిగింది. నా కాలి సంగతి తమ్ముడు చెప్పేశాడు. నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను, అబద్ధమెందుకు. ఆమె కళ్ళజోడు తీసి నావైపు చూసింది.

"ఈ అమ్మాయిని తన్నలేదు, సంతోషం. తన్ని ఉంటే అక్కడే కాళ్ళు పోయేవేమో. మిగతావాళ్ళ సంగతేమిటి? ఎముక ఎదురొచ్చిందని కాలు తీసేసినప్పుడు వాళ్ళతో ఏం చెప్పేదానివి?"

ఏం చెప్పేదాన్ని? మాట్లాడకూడదు కదా. నేను మాట్లాడకూడదు, వాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. అవ్వ నాకు సగమే నేర్పింది, మిగతా సగం ఆమెకూ తెలియదు.

అప్పుడే అమ్మ నోరు విప్పింది. ఇంట్లో ఇలాంటిది ఇంకెవరికైనా వచ్చిందా అని డాక్టరమ్మ అడగడంతో మొత్తం చెప్పింది. రెండో కాన్పు, గూని, తొడల మీద చేతులు, ఊడిపోయిన చెప్పు. డాక్టరమ్మ అంతా వింది.

"ఆమెకు కూడా ఇదే అయి ఉంటుందమ్మా."

"అప్పట్లో దీనికి మందు లేదు గదా," అంది అమ్మ. అడిగినట్టు లేదు, బతిమాలినట్టు ఉంది.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఉందమ్మా. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో స్వాతంత్ర్యం రాకముందునుంచే టీబీ ఆసుపత్రి ఉంది."

దారిలో కాణిపాకం వచ్చినా అమ్మ దండం పెట్టలేదు. ఇల్లు చేరాక, సుమో దిగుతూ అంది. "మదనపల్లెకు టమాటా లారీ మీద ఎన్ని తూర్లు పోయొచ్చినాం రూపా. ఆ ఆసుపత్రి గేటు ముందరే."

మాత్రలు మొదలయ్యాయి. మొదటి రోజే లోహిత ఉచ్చ ఎర్రగా వచ్చింది. అది మందు రంగేనని డాక్టరమ్మ ముందే చెప్పినా, చూసిన అమ్మ వణికిపోయింది. ఏడిస్తే కన్నీళ్ళు కూడా నారింజరంగులో వచ్చేవి. దిండు గలేబు మీద ఆ మరకలు చూసినప్పుడల్లా గబగబా దాన్ని మార్చేసేదాన్ని. ఒంట్లోంచి ఏదో బయటికి వెళ్ళగొట్టబడుతున్నట్టే ఉండేది, అది నిజమే కూడా.

కాళ్ళు మాత్రం వెంటనే రాలేదు. బెల్టు కట్టుకుని మంచాన ఉండే లోహిత దగ్గరికి రోజూ కొట్టు మూశాక వెళ్ళేదాన్ని. కళ్ళు మూసుకోమని, కుట్టుదారం కొసతో కాలివేళ్ళు తాకేదాన్ని. ఏ వేలు? తప్పు చెప్పేది. మర్నాడు ఏ వేలు? మళ్ళీ తప్పు. తప్పు చెప్పిన రోజు నేను నవ్వుతూ ఏదో వాగి, వీధిలోకి వచ్చాక ఏడ్చేదాన్ని. కాళ్ళు పోతే ఆ పిల్ల అదే గదిలో, అదే మూలన, నా కళ్ళ ముందు రెండో గూనవ్వ అవుతుంది. ఆ భయం ముందు దెయ్యాల భయం ఎంత?

కార్తీకమాసంలో ఒకరోజు, నేను దారం ఇంకా పూర్తిగా ఆనించనే లేదు. "సిటికెన వేలు వదినా. సక్కిలిగింత పెట్టొద్దు," అంది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది. ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

ఆదివారాలు ఇంకా జనం వస్తూనే ఉన్నారు. ఇప్పుడు నేను నోరు మూయను. సాయంత్రం జ్వరం వస్తుందా, బట్టలు వదులవుతున్నాయా, నిద్రలో అరుస్తున్నావా అని ముందే అడుగుతాను. తన్నడం మానేశాను. ఎముక ఎదురొస్తే వెనక్కి తిప్పి ముఖం చూసి, ఎక్కడికి పోవాలో చెప్తాను. మహిమ పోయిందని కొందరు రావడం మానుకున్నారు. పోతే పోయింది. అప్పట్లో నేను కాలు తీసేశాక, మాట లేకుండా లేచి, వెనక్కి చూడకుండా పోయినవాళ్ళ వీపులు ఇద్దరు ముగ్గురివి నాకు గుర్తున్నాయి. ముఖాలు తెలియవు. వాళ్ళ కోసం ఊళ్ళలో అడుగుతూనే ఉన్నాను.

అధికమాసం పడి మరుసటి ఏడు మహాలయ అమావాస్య వెనక్కి జరిగింది. దానికి కొద్దిరోజుల ముందే కొత్త ఎమ్మారై చూసి డాక్టరమ్మ మందులు ఆపేయమంది. చివరి అట్టలో ఒక మాత్ర మిగిలిపోయింది. పారేద్దామని అడిగితే అమ్మ ఇవ్వలేదు.

అమావాస్యనాడు గోడ మీద ఆకులు వేశాం. లోహిత బిడ్డ వెనక పరుగెత్తుతూ, కిందపడిన గిలక్కాయను నడుము వంచి ఎత్తుకుంది. చూసీ చూడనట్టు చూశాం అందరం. అమ్మ అవ్వ ఆకులో అన్నం పెట్టింది, వడ పెట్టింది. కొంగు ముడి విప్పి, ఆ మాత్ర తీసి, వడ పక్కన పెట్టింది.

"అత్తా, ఆలస్యమైపోయినాది," అంది.

కాకి ఒకటి వచ్చి తాత ఆకు దాటింది, నాయన ఆకు దాటింది. అవ్వ ఆకు దగ్గర ఆగి తల వంచి చూసింది. మాత్రను ముక్కుతో పక్కకు నెట్టి, అన్నం తినడం మొదలుపెట్టింది.

వడలు బాగా వేగి ఆ వాసనకు వచ్చిందేమో, నాకు తెలియదు. బిడ్డ చేతికి అందుతుందని మాత్రను నేను తీసేశాను. అమ్మ మాత్రం కాకి అన్నం మొత్తం తినేదాకా అక్కడినుంచి కదలలేదు.